కారు బారెడు, గల్లీ మూరెడు

దసరా ముందురోజు మానుకోటలో మా అత్తగారి గల్లీకి బంతిపూల గంప ఎత్తుకొచ్చే ఆమె "ఎన్ని మూరలు గావాలె?" అని అడగదు. "ఏం బండి?" అని అడుగుతుంది. బండి పేరు చెబితే చాలు, మూరల లెక్క ఆమే చెబుతుంది. టీవీఎస్ ఎక్సెల్‌కు మూరెడు. పాత మారుతికి నాలుగు. ఈసారి మా సడ్డకుడు తన కొత్త కారు పేరు గర్వంగా చెప్పాడు. ఆమె కారు మొహం దిక్కు ఒకసారి, గంప దిక్కు ఒకసారి చూసుకుని "గంపంత కొనుర్రి సారూ, లెక్క సాఫైతది" అంది.

కార్లు ఎంత పెరిగాయో చెప్పడానికి ఇంజనీర్లు మిల్లీమీటర్లు వాడతారు. మనకు ఆమె మూరే నయం. మారుతి 800 వెడల్పు 1,440 మి.మీ. ఇప్పటి స్కార్పియో-ఎన్ వెడల్పు 1,917. తేడా 477 మి.మీ., అంటే ఇంచుమించు మూరెడు. పొడవు 3,335 నుంచి 4,662కు పోయింది, అది దగ్గర దగ్గర మూడు మూరలు. ఈ నలభై ఏళ్లలో గల్లీ మాత్రం ఒక్క మూర పెరగలేదు. పైగా రెండు దిక్కులా మోరీల మీద ర్యాంపులు కట్టి, ఉన్నదాంట్లోంచి చెరో రెండు మూరలు మనమే కోసుకున్నాం.

దసరాకూ మా ప్రాంతానికీ ఇంకో లంకె ఉంది. 2016 అక్టోబరు 11న, సరిగ్గా దసరా నాడే, పాత వరంగల్ జిల్లా ముక్కలై జనగామ, మహబూబాబాద్ (అదే మా మానుకోట), జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు పుట్టాయి. ఉమ్మడి రాష్ట్రంలో మా అందరి బండ్లకూ ఏపీ 36 ఒక్కటే. ఆ దసరా తర్వాత భూపాలపల్లికి 25, మానుకోటకు 26, జనగామకు 27 వచ్చాయి. జిల్లా చిన్నదైతే కలెక్టరాఫీసు దగ్గరవుతుంది, దగ్గరి పనికి చిన్న బండి చాలు అనుకోవాలి న్యాయానికి. మనవాళ్లు అట్లా అనుకోలేదు. జిల్లా చిన్నదైనకొద్దీ కారు పెద్దదైంది. రేపు మండలానికో జిల్లా చేస్తే ఇంటికో లారీ కొనుక్కోవాల్సిందే.

మా సడ్డకుడిది భూపాలపల్లిలో సింగరేణి కొలువు. 2024లో సంస్థ లాభాల్లో వాటా పంచితే పర్మినెంటు కార్మికుడికి సగటున 1.90 లక్షలు ముట్టాయి. చెమటోడ్చిన సొమ్ము, ఎవరూ కాదనరు. మా సడ్డకుడి సొమ్ము మాత్రం బ్యాంకులో రెండు రాత్రులు నిద్ర చేసి, మూడోనాడు డౌన్ పేమెంటయింది. ఇంట్లో మనుషులు ముగ్గురు, కారులో సీట్లు ఏడు.

"కడమ నాలుగు ఎవరికన్నా?" అని అడిగాను.

"రేపు చుట్టాలొస్తే తమ్మీ?"

వచ్చే చుట్టాలు తమ తమ ఏడు సీట్ల కార్లలో, ముగ్గురేసి మనుషులతో వస్తారన్న సంగతి ఆయనకు గుర్తు చేయలేదు. పెద్దల్లుడు, పైగా పండుగ పూట.

తెలంగాణలో ఒక స్త్రీకి సగటున పిల్లలు 1.8 అని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. పిల్లలు తగ్గారు, సీట్లు పెరిగాయి. వెనకట అంబాసిడర్ మాత్రం చిన్నదా అని పెద్దలు అడగొచ్చు. కాదు, దాని పొడవు 4.3 మీటర్లు. కాకపోతే అది వాడకొకటి కూడా ఉండేది కాదు, డాక్టరుకో, రైసుమిల్లు సావుకారుకో ఉండేది. జనగామ నుంచి యాదగిరిగుట్టకు అందులో పెండ్లివారు బయలుదేరితే ముందర నలుగురు, వెనక లెక్కలేదు, డ్రైవరు సగం లోపల సగం బయట. ఇనుము గట్టిగానే ఉండేది గానీ మనిషికొచ్చే వాటా జానెడే. 1983 డిసెంబరులో మారుతి వచ్చినప్పుడు దాన్ని చూసి అగ్గిపెట్టె అని నవ్వారు. ఆ అగ్గిపెట్టెలోనే ఇద్దరు పిల్లలు, అమ్మమ్మ, ఆవకాయ జాడీ, నెత్తిన పరుపుచుట్ట పెట్టుకుని ఊర్లు తిరిగారు. 2014లో మారుతి 800 తయారీ ఆగింది, అంబాసిడర్ తయారీ ఆగింది. మనకు రాష్ట్రం వచ్చింది కూడా ఆ ఏడే. స్వరాష్ట్రంలో చిన్న కార్లకు చోటు దొరకలేదన్నమాట.

కార్లు బలుస్తుంటే సర్కారు ఊరికే చూస్తూ కూర్చుందా అంటే, లేదు. టేపు పట్టుకుని నిలబడింది. 2006 బడ్జెట్‌లో చిన్న కార్ల మీద ఎక్సైజు సుంకం 24 శాతం నుంచి 16కు తగ్గించారు. చిన్న కారంటే పొడవు నాలుగు మీటర్లు దాటొద్దు, పెట్రోలు ఇంజనైతే 1,200 సీసీ, డీజిలైతే 1,500 సీసీ మించొద్దు. ఇక చూడండి మహిమ. 2008లో 4,160 మి.మీ. పొడవుతో పుట్టిన స్విఫ్ట్ డిజైర్ 2012 కల్లా తోక కోయించుకుని 3,995కు వచ్చింది. బ్రెజా 3,995, నెక్సాన్ 3,995. కొలతల దగ్గర కడుపు లోపలికి పీల్చి నిలబడ్డ పోలీసు అభ్యర్థుల వరస. టేపు పొడవుకే పట్టారు గనక ఒళ్లు అడ్డంగా, ఎత్తుగా పెరిగింది. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్నవాటికి జీఎస్టీ 18 శాతం, పెద్దవాటికి 40. అయినా జనం పెద్దవాటి దిక్కే. 2024-25లో దేశంలో అమ్ముడుపోయిన ప్యాసింజరు బండ్లలో యుటిలిటీ వాహనాలే 65 శాతం. యుటిలిటీ అంటే పనికొచ్చేది అని అర్థం చెబుతారు. ఏ పనికని అడిగితే మాత్రం అందరూ సన్‌రూఫ్ చూపిస్తారు.

జనగామ దిక్కు వస్తే, ఆ పని పేరు పెండ్లి. 1961 నుంచి వరకట్నం నేరం కాబట్టి ఎవరూ కట్నం అడగరు. "పిల్ల తిరగటానికి ఏదన్న బండి పెడ్తరు గదా" అని మాత్రం అంటారు. ఆ 'ఏదన్న' అనే మాటకు అర్థం పోయిన తరంలో మారుతి, ఆ తర్వాత స్విఫ్ట్, ఇప్పుడు గుమ్మంలో నిలబెడితే ఇల్లు కనబడని బండి. ఆ కారు పెట్టడానికి పిల్ల తండ్రి ఎకరం అమ్ముతాడు. కడమ పొలంలో పండే వడ్లు కోతల కాలంలో రోడ్డు మీదే ఆరబోస్తాడు. వడ్లు సగం రోడ్డు తీసుకుంటే, అల్లుడి కారు మిగతా సగం, ఇంకొంచెం వడ్ల సగం తీసుకుంటుంది. పంటకు మద్దతు ధర కోసం మామ మార్కెట్ యార్డులో నిలబడితే, టైర్ల కింద వడ్ల దంపుడు అల్లుడు ఉచితంగా చేసి పెడుతున్నాడు.

భూపాలపల్లి సంగతి వేరు. అక్కడివాళ్లు పెద్ద బండి చూసి బెదరరు. ఓపెన్ కాస్టు గనిలో 60 టన్నుల డంపరు, 100 టన్నుల డంపరు రోజూ చూసే కళ్లు. షిఫ్టంతా రెండంతస్తుల ఎత్తున కూర్చున్న మనిషి ఇంటికి మారుతిలో పోవాలంటే చెట్టు దిగి చీమ ఎక్కినట్టుంటుందని మా సడ్డకుడు ఒప్పుకున్నాడు. ఆయన క్వార్టరు ముందున్న జాగ సైకిలు లెక్కన వదిలింది. ఇప్పుడు కారు రోడ్డు మీద పడుకుంటోంది, సైకిలు ఇంట్లో.

గనిలో ఒక మంచి కట్టుబాటు ఉంది. డంపర్లు తిరిగే చోటికి జీపు పోవాలంటే దానికి పొడుగాటి కర్ర, కర్రకు జెండా ఉండాలి. డంపరు ఆపరేటరుకు మూతి కింద ఏముందో కనబడదు గనక. ఇప్పుడు ఆ డంపరు మూతి కార్లకూ వచ్చింది. అమెరికాలో బీమా సంస్థల రహదారి భద్రతా సంస్థ 2023లో లెక్కతీస్తే, బానెట్ 40 అంగుళాలు దాటిన బండ్లు తగిలితే నడిచేవాళ్లు చనిపోయే అవకాశం, మూతి కిందికి వాలిన చిన్న బండ్లతో పోలిస్తే, 45 శాతం ఎక్కువని తేలింది. 40 అంగుళాలంటే రెండు మూరల పైమాట. నాలుగేండ్ల పిల్ల ఎత్తు. కనుక విద్యాశాఖవారికి నా మనవి: ఈ ఏడు యూనిఫారంతోపాటు పిల్లలకు తలా ఒక కర్ర, జెండా ఇప్పించండి. భూపాలపల్లిలో వాడకం తెలిసినవాళ్లు ఉన్నారు, శిక్షణ ఖర్చు ఉండదు.

మన దగ్గర కారు పార్టీ గుర్తు కూడా. 2022 మునుగోడు ఉప ఎన్నికప్పుడు, రోడ్డు రోలరు గుర్తు అచ్చం కారులా కనబడి ఓట్లు తప్పిపోతున్నాయని టీఆర్ఎస్ ఎన్నికల సంఘానికి మొరపెట్టుకుంది. రోలరెక్కడ, కారెక్కడ అని అప్పుడు నవ్వుకున్నాను. మా సడ్డకుడి బండి గల్లీ మలుపు తిరగడం చూశాక ఓటర్లకు క్షమాపణ చెప్పుకున్నాను. తప్పు వాళ్ల కండ్లది కాదు. కార్లు అట్లా తయారైతే వాళ్లేం చేస్తారు?

పారిస్ వాళ్లు 2024 ఫిబ్రవరిలో ఓటింగు పెట్టుకుని, 1.6 టన్నులు దాటిన బయటివాళ్ల కార్లకు నగరం నడుమ పార్కింగు రుసుము గంటకు 18 యూరోలు, అంటే మూడింతలు చేయాలని తీర్మానించారు. ఆ సంగతి చెబితే మా సడ్డకుడు జాలిపడ్డాడు. "పాపం, వాళ్లకు మోరీలు లేవా తమ్మీ?" అన్నాడు. నిజమే. మోరి మీద బండ పరిస్తే పార్కింగు, బండ మీద కారు పెడితే కబ్జా, కబ్జా మీద రేకులేస్తే హక్కు. ఇంత తేలికైన దారి ఉండగా యూరోలెందుకు?

ఇక దసరా నాటి ముచ్చట. కారును లోపల పెట్టడానికి మా అత్తగారు అంతకు ముందురోజే గేటు ఒక రెక్క ఊడబీకించారు. "అల్లుడు రాక రాక వచ్చిండు, గేటుదేముంది" అన్నారు. రెక్క పోయినా కారు మలగలేదు. అడ్డం వచ్చింది అరుగు. మేస్త్రీని పిలిస్తే గడియలో పగలగొడతానన్నాడు. అయితే అరుగు మీద మా ఆవిడ బాపమ్మ ఉంది. తొంభైకి దగ్గరపడ్డది. పుట్టిల్లు జనగామ తాలూకాలో, కడవెండి దిక్కు. 1946 జులైలో అక్కడ దొడ్డి కొమురయ్య దొర మనుషుల తూటాలకు ఒరిగిననాటికి పదేండ్ల పిల్ల.

సాయంత్రం జమ్మికి పోదామని అందరూ తయారయ్యారు. ఎవరి కాళ్లతో వాళ్లు పోయే దూరమే. అయినా పూల దండలేసిన కారు ఉండగా నడిచిపోతే గల్లీ ఏమనుకుంటుంది? సడ్డకుడు ఎక్కాడు, స్టార్టు చేశాడు. బాపమ్మ అరుగు మీంచి కాళ్లు గల్లీలోకి చాపుకుని కూర్చుంది. బానెట్ మీంచి ఆయనకు ఆమె తెల్ల జుట్టు తప్ప ఏమీ కనబడలేదు. హారన్ కొట్టాడు. ఆమె కదలలేదు. ఇంకోసారి కొట్టాడు.

"ఏంది బిడ్డా ఆ మోత?"

"కాళ్లు జర తియ్యే అవ్వా, బండి పోవాలె."

"మా ఊర్ల దొర కచ్చురం వస్తుంటె ముందల ఒకడు ఉరుక్కుంట వచ్చి జరుగుర్రి జరుగుర్రి అనేటోడు. వాడు వెట్టోడే గని, నోటితోని చెప్పేటోడు. నీ దానికి ఆ మనిషి గూడ లేకపాయె. అప్పుడు జరిగి జరిగి యాష్టకొచ్చింది బిడ్డా. ఇగ జరగ."

సడ్డకుడు నా దిక్కు చూశాడు. నేను ఆకాశం దిక్కు చూశాను, పాలపిట్ట కోసమన్నట్టు. కాసేపటికి టిక్కు టిక్కుమని చప్పుడైంది. తెర మీద వెనక కెమెరా వెలిగింది. అంత పెద్ద కారులో ఆ పూట అక్కరకొచ్చిన వస్తువు అదొక్కటే. అందరం చెప్పులేసుకున్నాం. బాపమ్మ కాళ్లు అక్కడే ఉన్నాయి.