చిల్లుకాణీ వ్యాఖ్యానం

మూలం: “అతి పురాతన, అత్యంత అరుదైన, చారిత్రక చిల్లుకాణీ. లక్ష రూపాయలు. బేరం లేదు.” పాత నాణేల అమ్మకంలో ఒక బల్ల మీది అట్టముక్క.

ఆధారం లేనిది రాయనని కావ్య వ్యాఖ్యాత కొలాచల మల్లినాథసూరి ఒట్టు పెట్టుకున్నాడు. విశేషణం లేనిది రాయనని ఈ అట్టముక్క కర్త పెట్టుకున్నట్టుంది.

టీక: “అతి పురాతన” అనగా 1943 మొదలు 1947 వరకు అచ్చయినది, ఇప్పటికీ ఊళ్లో తిరుగుతున్న కొందరు తాతగార్ల కంటే చిన్నది. “అత్యంత అరుదైన” అనగా యుద్ధకాలంలో లోహం పొదుపుకని నడుమ చిల్లు వేసి కోట్లకొద్దీ దించినది. ఒకవైపు కిరీటం, రెండోవైపు ఆకుల దండ. “చారిత్రక” సులభం, వదిలేద్దాం. “లక్ష రూపాయలు”: రూపాయికి 64 కాణీలు గనుక, ఒక్క కాణీకి 64 లక్షల కాణీలు అడగడమైనది. అతిశయోక్తి అలంకారం.

లెక్కల్లోకి వచ్చాక వ్యాఖ్యాతకు కాలు కదలదు. కాణీకి 3 దమ్మిడీలు (పైలు), అణాకు 4 కాణీలు, రెండణాలైతే బేడ, నాలుగైతే పావలా, 16 అయితే రూపాయి. ఇది బ్రిటిషు సీమ పద్దు. నిజాం రాజ్యంలో హాలీ సిక్కా వేరు. 6 కల్దారు (బ్రిటిషు) రూపాయలకు 7 హాలీ రూపాయలు. నూరు కల్దార్లు మార్చుకుంటే 116 రూపాయల 10 అణాల 8 పైలు. నోటిలెక్కన తేల్చిన షావుకార్లకు దండం పెట్టాలి! ఇక 1906లో వచ్చిన బ్రిటిషు అణా అందం వేరు. పన్నెండు వంపుల అంచు. దాని మీద నాగరి, బెంగాలీ, ఉర్దూలతో పాటు “ఒక అణా” అని తెలుగులో. పరాయి రాజు బొమ్మ వెనకాల మన అక్షరాలుండేవి. 1950 నాటి గణతంత్రపు అణా మీద హిందీ, ఇంగ్లీషు మిగిలాయి. 1957 ఏప్రిల్ 1న రూపాయికి నూరు నయాపైసలొచ్చి లెక్కే మారిపోయింది.

అట్టముక్క సంగతి మరిచాం. దాని దగ్గర ఒక బడిపిల్లాడు జేబులో యాభై రూపాయలతో నిలబడితే వాడికి ఏం తెలిసింది? ఏ ఏటిది, ఏ టంకశాలది, ఏ లోహం? ఒక్కటీ లేదు. 1939 నాటి ఆరో జార్జి వెండి రూపాయి నిజంగానే అరుదు. “అత్యంత” అంతా చిల్లుకాణీకే ఖర్చుపెట్టేస్తే దానికేం మిగులుతుంది?

తాత్పర్యం: అమ్మేవారు ధర తగ్గించనక్కర్లేదు; ఏడాది, లోహం, టంకశాల గుర్తు రాస్తే చాలు. కొనేవారు ఆ మూడూ అడగండి. చెప్పకపోతే పక్క బల్లకు వెళ్లండి.