గౌలిగూడలో గాలం

హైదరాబాద్ నగర శివారులో ఒక రిసార్టు. పేరు వద్దులెండి, ఔటర్ రింగు రోడ్డు దిగితే అలాంటివి కావలసినన్ని. గేటు దగ్గర మనిషికింత టికెట్టు. గాలానికి అద్దె. ఎర పొట్లం విడిగా కొనుక్కోవాలి. చెరువని బోర్డు పెట్టిన చోట నల్ల పట్టా పరిచిన గొయ్యి, అందులో బోరు నీళ్లు. బొచ్చెలూ రవ్వలూ ఎంత కిక్కిరిసి ఉన్నాయంటే, చెయ్యి ముంచితే కరచాలనం చేసేలా ఉన్నాయి. మా బావమరిది గాలం వేసీ వేయగానే ఒకటి పడింది. వాడు దాన్ని ఎత్తిపట్టుకుని ఫొటోకి నిలబడితే నేను చేప మూతి వంక చూశాను. పెదవి పక్కన మానిన గాట్లు రెండు, పచ్చిగా ఉన్నది ఒకటి. ఆ చేప అక్కడ ఉద్యోగం చేస్తోందన్నమాట. పొద్దుటి షిఫ్టులో ఒకరికి పడుతుంది, వదిలేస్తారు, సాయంత్రం షిఫ్టులో ఇంకొకరికి పడుతుంది.

"వదిలేస్తే పైసల్లేవు అన్నా. ఇంటికి తీస్కపోతే కిలోకింత. కోసియ్యాల్నంటే అది వేరే" అన్నాడు అక్కడి కుర్రాడు. "ఫ్రై గూడ చేసిస్తం."

దీని పేరు ప్రకృతి ఒడిలో ఒక రోజు.

ఆ యజమానిని మాత్రం నేను తప్పుపట్టను. గొయ్యి అతనిది, చేపలు అతనివి. రాత్రంతా ఏరేటర్లు తిప్పుతూనే ఉంటాడు. తెల్లారేసరికి చేపలు వెల్లకిలా తేలితే మునిగేది తనే కనక నీళ్ల మీద ఒక కన్ను వేసి ఉంచుతాడు. నా పేచీ అతనితో కాదు. నీళ్లు నింపు, చేపలు వదులు, టికెట్టు పెట్టు అన్న అతని సూత్రాన్ని మూసీకి అంటగట్టాలని ఉబలాటపడే పెద్దమనుషులతో.

మూసీ గౌలిగూడను ఒరుసుకునే పోతుంది. మహాత్మాగాంధీ బస్ స్టేషన్ నిలబడింది ఏటి నడుమే. సూట్‌కేసు ఒక చేత్తో, ముక్కుకు అడ్డంగా రుమాలు ఇంకో చేత్తో పట్టుకుని వంతెన దాటే ప్రయాణికులకు కింద ఏం పారుతోందో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఎండాకాలం చూడండి: నల్లటి నీరు, దాని మీద సబ్బు నురగ, ఒడ్డున గుర్రపుడెక్క, అందులో చిక్కుకున్న ప్లాస్టిక్ సంచులు. ఇక్కడ పడవ షికారు పెడితే ఎంత బాగుంటుందో అని మొన్న ఒక పెద్దాయన మైమరచిపోయాడు. "పడవలతో పాటు గాలాలు కూడా అద్దెకిస్తే ఫారిన్ టూరిస్టులు ఎగబడతారండీ!" అన్నాడు. కారు అద్దం దించకుండానే అన్నాడు.

ఆయన్ని ఒక్కణ్నే అని ఏం లాభం? మూసీకి కలలు కట్టడం ఈ నగరంలో పాతికేళ్లకు పైబడిన పరిశ్రమ. వెనకటికి నందనవనం అన్నారు. 2017లో మూసీ రివర్‌ఫ్రంట్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ పుట్టింది. 2024 జనవరిలో థేమ్స్ చూసొచ్చారు, అక్టోబరులో సియోల్ చూసొచ్చారు. ప్రభుత్వాలు మారాయి గానీ ఊహాచిత్రంలో నీలం నీళ్లు మారలేదు. ఆ నీలం మన మూసీ బహుశా కాగితం మీద తప్ప ఎరగదు.

దిగుమతి సరుకు గౌలిగూడకు కొత్త కాదులెండి. పాత బస్టాండు గుర్తుందా? గుండ్రటి రేకుల కప్పు. నిజాం కాలంలో అమెరికాలోని బట్లర్ కంపెనీ నుంచి వచ్చిన విమానాల షెడ్డు అది. మిసిసిపి హ్యాంగర్ అని పేరు. 1932లో బస్సులకిచ్చారు. 2018 జూలై 5న కుప్పకూలింది. పరాయి నదుల నమూనాలు ఓడలకెత్తించే ముందు, తెచ్చిన సరుకును మనం ఎంత శ్రద్ధగా కాపాడుకుంటామో ఆ స్థలం దగ్గర ఒకసారి ఆగి చూస్తే మంచిది.

సరే, థేమ్స్ కథే తీసుకుందాం. 1858లో లండన్ కంపుకొట్టి పార్లమెంటు సభ్యులకే ఊపిరాడలేదు. అప్పుడు వాళ్లు పడవల టెండర్లు పిలవలేదు, బజాల్జెట్ అనే ఇంజినీరు చేత నేలకింద మురుగు సొరంగాలు తవ్వించారు. అయినా 1957 నాటికి ఆ నదిలో జీవం లేదని అక్కడి శాస్త్రజ్ఞులే తేల్చేశారు. మళ్లీ శుద్ధి కేంద్రాలు, మళ్లీ ఖర్చు. 1974లో థేమ్స్‌లో ఒక సాల్మన్ చేప దొరికింది. ఎవరో సంచి విప్పి పోసింది కాదు, దానంతటది వచ్చింది. సియోల్‌లోని చంగ్యేచన్ వాగు 2005లో తయారైంది. దానిలో పారేది చాలావరకు హాన్ నది నుంచి మోటార్లతో ఎత్తిపోసిన నీళ్లే, నిజమే. కానీ మురుగుకు వేరే దారి వేశాకే ఎత్తిపోశారు. మన వాళ్లు రెండు ఊళ్లలోనూ ఒడ్డున నిలబడి ఫొటోలు దిగారు. ఆ ఒడ్డు కింద ఉన్న పైపులు ఫొటోలో పడవు.

మన దగ్గర మొదటి అడుగు నింపడం. మల్లన్నసాగర్ నుంచి గోదావరి నీళ్లు తెచ్చి, అందులో 2.5 టీఎంసీలు గండిపేట, హిమాయత్‌సాగర్ జంట జలాశయాల మీదుగా మూసీలోకి వదులుతామని 2025 సెప్టెంబరులో గండిపేట దగ్గర శంకుస్థాపన చేశారు. గోదారి నీళ్లు వస్తే సంతోషమే. కానీ మహానగర పరిధిలో రోజూ పుట్టే మురుగు దాదాపు 195 కోట్ల లీటర్లు. శుద్ధి కేంద్రాలు కడుతున్నారు, కట్టినవి కట్టారు, కాదనను. అయినా కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2018 జాబితాలో మూసీ మొదటి శ్రేణిలో నిలిచింది. ర్యాంకు చూసి ఎగిరి గంతెయ్యకండి, అది అత్యంత కలుషితమైన నదుల శ్రేణి. చేపలు బతకాలంటే లీటరు నీటిలో కనీసం 4 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉండాలన్నది అదే మండలి పెట్టిన కొలత. చేపలకు వాస్తు పట్టింపు లేదు, ఊహాచిత్రాలూ చూడవు. ఆ నాలుగు మిల్లీగ్రాములే అడుగుతాయి.

రెండో అడుగు చేపలు వదలడం. ఇందులో మనకు ఆరితేరిన అనుభవం ఉంది. 2016–17 నుంచి తెలంగాణ చెరువుల్లో వంద శాతం రాయితీ మీద చేపపిల్లల్ని వదులుతున్నారు. లారీలొస్తాయి. ఆక్సిజన్ పట్టించిన ప్లాస్టిక్ సంచులు దిగుతాయి. ఎమ్మెల్యేగారు మూతి విప్పి నీళ్లలోకి వంచుతారు, కెమెరా క్లిక్‌మంటుంది. లెక్క కోట్లలో ఉంటుంది. చేపపిల్లల్ని కోట్లలో లెక్కపెట్టగల మానవుడు ఇంతవరకు పుట్టలేదు కనక, ఒక గిన్నెడు లెక్కపెట్టి ఎన్ని గిన్నెలో హెచ్చవేస్తారు. గిన్నె నిండిందా, సగముందా అన్నది చేపలకూ కాంట్రాక్టరుకూ మధ్య విషయం. పథకం ముదిరాజ్‌లకూ గంగపుత్రులకూ బతుకుతెరువు కోసం వచ్చింది, అందువల్ల బాగుపడ్డ చెరువులూ ఉన్నాయి. కానీ ఆ సంచీని మూసీ మీద వంచాలనే ఆలోచన మాత్రం చేపల పట్ల పగ ఉన్నవాళ్లకే రావాలి.

మృగశిర కార్తె నాడు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానానికి వెళ్లి చూడండి. ఉబ్బసం తగ్గుతుందన్న నమ్మకంతో వేలమంది బారులు తీరి నోరు తెరుస్తారు. బతికున్న కొర్రమీను పిల్లను గొంతులో వేస్తారు. ఆ వైద్యం సంగతి నాకెందుకు గానీ, ఒక్క మాట చెప్పగలను. మూసీలో పడటం కంటే మనిషి గొంతులో పడటమే ఆ పిల్లకు ఆరోగ్యకరం. అదే రోజు బేగంబజార్ చేపల మార్కెట్లో కాలు పెట్టే సందుండదు. నాలుగడుగుల దూరంలో నది ఉన్నా అక్కడ అమ్మే చేప ఎక్కడెక్కడి చెరువుల నుంచో ఐసు పెట్టెల్లో వస్తుంది. "మూసీదా?" అని అడిగి చూడండి. అమ్మే ఆవిడ కత్తి చేతిలోనే ఉంటుంది, కాస్త దూరంగా నిలబడి అడగండి.

మూడో అడుగు టికెట్టు. టికెట్టు పెట్టాలంటే ముందు ఒడ్డు ఖాళీ కావాలి. 2024లో మూసానగర్, శంకర్‌నగర్ ఇళ్ల గోడల మీద ఎర్రరంగుతో 'ఆర్‌బీ-ఎక్స్' అని రాశారు, నది గర్భంలో ఉన్నాయి, కూల్చాలి అన్న గుర్తుగా. నది గర్భంలో ఇల్లు కట్టుకోవడం ప్రమాదమే, ఎవరు కాదన్నారు? కానీ అదే గర్భంలో రేపు ఫుడ్ కోర్టు వస్తే అది ప్రమాదం కాదు, సుందరీకరణ. పొట్టకూటికి ఏటి ఒడ్డున ఉంటే ఆక్రమణ. సరదాకి వచ్చి కూర్చుంటే పర్యాటకం.

నీళ్ల మీద ఆటంటే నాకు గిట్టదని అనుకోకండి. హుస్సేన్‌సాగర్‌లో వానాకాలం తెరచాప పడవల పందేలు జరుగుతాయి. ఆ కంపులోనే పిల్లలు గాలివాటం నేర్చుకుని పోటీలకు వెళ్తారు. వాళ్లకు చేతులెత్తి మొక్కాలి. అయితే ఆ పిల్లలు ముక్కు మూసుకుని సాధించిన పతకాన్ని సాగర్ శుభ్రంగా ఉందనడానికి సాక్ష్యంగా చూపిస్తే మాత్రం ఒప్పుకోను.

ఇక పడవ షికారంటారా, గౌలిగూడలో దానికి ప్రాజెక్టు అక్కర్లేదు. 2025 సెప్టెంబరు 26 రాత్రి జంట జలాశయాల గేట్లెత్తితే మూసీ తనే నడిచొచ్చి బస్ స్టేషన్లో దూరింది. ప్లాట్‌ఫారాలు మునిగాయి. దసరాకు ఊరెళ్లాలని వచ్చినవాళ్లు నీళ్లలో చిక్కుకుంటే సిబ్బంది బయటికి తెచ్చారు. బస్సులు వేరే చోట్ల నుంచి నడిచాయి. 1908 సెప్టెంబరు 28న ఇదే నది అఫ్జల్‌గంజ్ చుట్టుపక్కల వేలమందిని పొట్టన పెట్టుకుంది. అందుకే గండిపేట, హిమాయత్‌సాగర్ కట్టారు. ఆ జలాశయాల రక్షణకు 84 గ్రామాల్లో కట్టడాలను కట్టడి చేస్తూ 1996లో తెచ్చిన 111 జీవో ఆంక్షలను 2022లో ఎత్తేస్తూ ఉత్తర్వు ఇచ్చిందీ మనమే. నదికి పైన తాళం తీసి, కింద టికెట్టు కౌంటరు తెరుస్తామంటున్నాం.

కాబట్టి అయ్యా, ఒక చిన్న విన్నపం. పడవల టెండరు పిలిచే ముందు చాదర్‌ఘాట్ వంతెన కింద ఒక వల పంజరం దించండి. అందులో వంద చేపపిల్లల్ని వదలండి. గిన్నెతో కాదు, ఒక్కొక్కటే లెక్కపెట్టి. కొర్రమీను పిల్లల్ని పెట్టి మోసం చేయొద్దు. అది పైకొచ్చి గాలి మింగి బురదలోనైనా బతికేస్తుంది. బొచ్చెల్ని పెట్టండి. ఈ మృగశిర నుంచి వచ్చే మృగశిర దాకా వారం వారం వచ్చి, బతికినవెన్నో జనం ముందే లెక్కపెట్టండి. అవి బతికితే గాలాలు అద్దెకివ్వండి, పడవలు దించండి, టికెట్టు ఎంతైనా పెట్టండి. బతక్కపోతే ఆ డబ్బు మురుగు పైపులకు పెట్టండి.