తీసేసిన కుర్చీ

2025 మార్చి 31 సాయంత్రం అమెరికా సెనేట్‌లో ఒక అపచారం జరిగింది. న్యూజెర్సీ సభ్యుడు కోరీ బుకర్ మాట్లాడటానికి లేచి, అక్కడ పనిచేసే స్టూడెంట్ పేజీ ఒకరిని పిలిచి, తన కుర్చీ అవతలికి తీసుకుపొమ్మన్నాడు. చూస్తే కూర్చోబుద్ధి అవుతుందని భయమట. ఆ తర్వాత 25 గంటల 5 నిమిషాలు నిలువుకాళ్ల మీద మాట్లాడి, 1957 నాటి స్ట్రామ్ థర్మండ్ రికార్డును దాటేశాడు.

పత్రికలన్నీ ఆ గంటల లెక్కే రాశాయి. నాకు మాత్రం చూపు కుర్చీ మీదే ఆగిపోయింది. తెలుగువాణ్ణి కదా! మన దగ్గర ఒకరి కుర్చీ తీయాలంటే ఎంత శ్రమ! ఎమ్మెల్యేలను బస్సులెక్కించాలి, హోటల్ గదులు తీయాలి, గవర్నరుగారి ముందు తలలు లెక్కపెట్టించాలి. 1984లో అంతా చేసి తీస్తే నెల తిరిగేసరికి కుర్చీ పాత యజమాని దగ్గరికి వెళ్లిపోయింది. 1995లో గానీ పని గట్టిగా కాలేదు. అక్కడేమో ఇంటర్ చదివే ఈడు పిల్లల చేత, అదీ కూర్చోవలసిన మనిషే అడిగి మరీ తీయించుకున్నాడు.

ఎవరీ పేజీలు అని నేను వెతికే పని లేకుండా వర్జీనియా నుంచి మా అక్క ఫోన్ చేసింది.

"ఒరేయ్, మావాడు సెనేట్‌లో పేజీకి అప్లై చేశాడురా. అమ్మకు చెప్పు."

చెప్పాను. అమ్మ చదువుతున్న భాగవతం పక్కన పెట్టి, "పేజీ అంటే ఏం చేస్తాడు?" అంది.

"కాగితాలు అందిస్తాడు. మంచినీళ్లు తెచ్చిపెడతాడు. కోటు మీద బిళ్ల ఉంటుంది."

"బిళ్ల బంట్రోతా? దానికి వర్జీనియా దాకా పోవాలా? మీ తాతగారి కచేరీలో ఇద్దరుండేవాళ్లు."

అక్కకు కోపమొచ్చింది. ముప్పై మందినే తీసుకుంటారట. పదహారు, పదిహేడేళ్ల వాళ్లే ఉండాలట. మార్కులుండాలి, వ్యాసం రాయాలి, ఆపైన సెనేటర్ స్వయంగా ఎంపిక చెయ్యాలి. సెనేటర్ సంతకం అనగానే అమ్మకు విషయం అర్థమైంది. "తిరుమల బ్రేక్ దర్శనానికి ఎమ్మెల్యే లెటర్ లాంటిదన్నమాట. మరి ఆ ముక్క ముందే చెప్పొద్దూ!" అని మళ్లీ భాగవతంలో పడింది.

ఆ బిళ్ల కోసం పిల్లలు పడే పాట్లు వింటే మన కార్పొరేట్ కాలేజీ హాస్టల్ వార్డెన్లు కూడా కన్నీళ్లు పెట్టుకుంటారు. పొద్దున్న ఆరుంపావుకే తరగతి మొదలు. బడి, బస రెండూ వెబ్‌స్టర్ హాల్ అనే భవనంలోనే. అది ఒకప్పుడు శవాలకు అంత్యక్రియల ఏర్పాట్లు చేసే దుకాణం. చట్టసభకు పంపే ముందు పిల్లల్ని అలాంటిచోట ఉంచడం ముందుచూపే. సభలో ఎన్నెన్ని బిల్లులు ఏ అలికిడీ లేకుండా పోతుంటాయో వాళ్లు రేపు చూడబోతున్నారు కదా. జీతం ఇస్తారు, అందులోంచే హాస్టల్ ఖర్చు కోస్తారు.

నీలం సూటు, తెల్ల చొక్కా వేసుకుని సభకు వెళ్లాక అసలు పరీక్ష మొదలవుతుంది. ఏ సెనేటర్‌కు మామూలు నీళ్లు, ఎవరికి గ్యాసు నీళ్లు, ఎవరికి ఐసు వెయ్యాలి, ఎవరికి వెయ్యకూడదు అన్నది గుర్తుంచుకోవాలి. ఎవరైనా మాట్లాడటానికి లేస్తే పరుగెత్తుకెళ్లి వారి బల్ల మీద లెక్టర్న్ పెట్టాలి. సభలో కాఫీ, టీ నిషిద్ధం. నీళ్లు తాగొచ్చు, కాదంటే పాలు. 1966లో ఎవరెట్ డర్క్‌సెన్ అనే సభ్యుడు పాలు తాగొచ్చా అని అడిగితే తాగొచ్చన్నారు, అప్పటి నుంచి అదే రివాజు. పాలు తాగే ప్రాయం దాటని పిల్లలు, పాలు తాగే ప్రాయానికి తిరిగొచ్చిన పెద్దలకు గ్లాసు అందించడం చూడముచ్చటగానే ఉంటుంది.

మిగిలిన వేళల్లో అధ్యక్ష స్థానం ముందున్న మెట్ల మీద కూర్చుంటారు. ఇక్కడే నాకు వాళ్లంటే జాలి. సభలో చాలాసార్లు ఉండేది ఉపన్యసించే ఒక సభ్యుడు, అధ్యక్ష స్థానంలో మరొకరు, ఎదురుగా కెమెరా. ఇంకెవరూ రారు. వినక తప్పనిది ఆ పిల్లలకే. జారుకునే వీలు లేదు, వాకౌట్ చేసే హక్కు లేదు, ఆవలింత వస్తే నోరు మూసుకునే ఆవలించాలి.

ఈ కొలువు 1829లో మొదలైంది. డేనియల్ వెబ్‌స్టర్ తొమ్మిదేళ్ల గ్రాఫ్టన్ హాన్సన్‌ను తెచ్చి పెట్టాడు. 1831లో ఐజాక్ బాసెట్ చేరాడు. చేరినవాడు మళ్లీ కదల్లేదు. పేజీగా మొదలై, ద్వారపాలకుల వరుసలోకి ఎదిగి, 1895లో కన్నుమూసేదాకా సెనేట్‌లోనే కొలువు. సమావేశాల గడువు ముగిసే వేళ పొడవాటి కర్రతో గడియారం ముళ్లను వెనక్కి నెట్టేవాడు. బిల్లులు మిగిలిపోయాయి, కాలమే ఆగాలి! మనకా బాధ లేదు. 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభలో మన రాష్ట్రాన్ని రెండు చేసినప్పుడు గడియారం ఆడుతూనే ఉంది. టీవీ ఒక్కటే ఆగింది.

అమ్మాయిలను తీసుకోవడానికి మాత్రం ఆ సభకు 142 ఏళ్లు పట్టింది. 1970 చివర్లో ఇద్దరు సెనేటర్లు అమ్మాయిల పేర్లు ఇచ్చేసరికి, నీళ్ల గ్లాసు ఆడపిల్ల మొయ్యగలదా అన్న మహా సమస్య మీద నెలల తరబడి తర్జనభర్జన పడి 1971 మేలో సరేనన్నారు.

దిగువ సభ అయిన ప్రతినిధుల సభలోనూ పేజీలు ఉండేవాళ్లు. 1983లో ఇద్దరు సభ్యులు, చెరో పార్టీ నుంచి ఒక్కొక్కరు, పేజీలతో తప్పుడు సంబంధాలు పెట్టుకున్నారని తేలింది. సభ ఇద్దర్నీ అభిశంసించి, వెంటనే చర్యలు తీసుకుంది. ఏమిటా చర్యలు? పిల్లలకు హాస్టల్, కాపలా. సభ్యులను ఏ హాస్టల్లోనూ పెట్టలేదు. ఇద్దరిలో ఒకాయన ఆ తర్వాత కూడా ఎన్నిక మీద ఎన్నిక గెలుస్తూ పోయాడు. 2006లో మరో సభ్యుడు మాజీ పేజీలకు పంపిన సందేశాలు బయటపడి రాజీనామా చేశాడు.

2011లో ఆ సభ పేజీలనే రద్దు చేసింది. ఏడాదికి 50 లక్షల డాలర్లకు పైగా ఖర్చవుతోంది, పైగా అందరికీ ఈమెయిళ్లు వచ్చాయి కాబట్టి కాగితాలు మోసేవాళ్లు అక్కర్లేదన్నారు. ఇందులో ఒక భస్మాసుర కథ ఉంది. 1972 వేసవిలో ఇదే సభలో పేజీగా కాగితాలు మోసిన ఒక కుర్రాడు తర్వాత కంప్యూటర్లను ఇంటింటికీ చేర్చి, తాను కూర్చున్న మెట్లనే ఊడగొట్టాడు. పేరు బిల్ గేట్స్. పాతికేళ్ల తర్వాత ఆయనను కలవడానికి మన ముఖ్యమంత్రి ఢిల్లీలో ల్యాప్‌టాప్ చేత పట్టుకుని వెళ్లారు. బంట్రోతు పని అని మా అమ్మ తీసిపారేసిన కొలువు అది.

సెనేట్ మాత్రం పేజీలను ఉంచుకుంది. ఈమెయిల్లో మంచినీళ్లు రావు మరి.

2023 జూలైలో కొలువు ముగిసే వారం, అర్ధరాత్రి దాటాక, కొందరు పేజీలు కాపిటల్ భవనం రొటండాలో నేల మీద వెల్లకిలా పడుకుని పైనున్న గుమ్మటాన్ని ఫోటోలు తీసుకుంటున్నారు. అది వాళ్ల ఆనవాయితీ. అటుగా వచ్చిన దిగువ సభ సభ్యుడొకరు వాళ్లను సోమరిపోతులని, అంతకంటే రాయరాని మాటలతో తిట్టాడు. మర్నాడు డెమోక్రాట్ల నాయకుడు చక్ షూమర్ సభలో ఖండిస్తే, రిపబ్లికన్ల నాయకుడు మిచ్ మెకానెల్ నాదీ అదే మాట అన్నాడు. ఆ ఇద్దరినీ ఒక్కతాటి మీదికి తేవాలంటే పిల్లలు నేల మీద పడుకోవాలన్నమాట. బడ్జెట్ సమయంలో ఈ ఉపాయం ఎవరికీ తట్టకపోవడం విచిత్రం.

ఈ సంగతులన్నీ మొన్న మా ఊరి మాజీ ఎమ్మెల్యేగారికి చెప్పాను. పాల సంగతికి నవ్వారు. గడియారం ముళ్లు నెట్టడం దగ్గర ఆసక్తిగా ముందుకు వంగారు. బుకర్ దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. కాసేపు మీసం సవరించుకుని, గొంతు తగ్గించి అడిగారు.

"తీసుకెళ్లారు సరే. ఆ కుర్చీ ఇప్పుడు ఖాళీగానే ఉందంటావా?"