పాత కంప్యూటరు పెంచుకునేవారికి తొమ్మిది తలకిందుల సలహాలు

పాత కంప్యూటర్లు పోగుచేసే అలవాటున్నవాళ్లు ఒకరికొకరు చెప్పుకునే మాటలు కొన్ని ఉన్నాయి. పేరున్నదే కొను. పనిచేసేదే కొను. తేగానే వెలిగించి చూసుకో. తళతళలాడేలా తోము. కవరు కప్పి బీరువాలో పెట్టు. పిల్లల చేతికి ఇవ్వకు. వినడానికి బుద్ధిగా ఉండే మాటలే. పొడిగాలి ఊళ్లలో అవి చెల్లుతాయేమో గాని, శ్రీకాకుళం జిల్లా సముద్రతీరంలోని మా వజ్రపుకొత్తూరులో చెల్లవు. మా దగ్గర కిటికీ చువ్వలకు వేసిన రంగు నిలవదు. సైకిలు గొలుసుకు నూనె పెట్టడం ఒక్క నెల మరిచిపోతే ఎర్రబడిపోతుంది. ఆ గాలే కంప్యూటరు లోపలికీ వెళ్తుంది. అందుకని ఇన్నేళ్లలో నేను నేర్చుకున్నదంతా ఆ మాటలకు ఎదురుగా వచ్చింది. ఉద్దానంలోనో, టెక్కలి, పలాస వైపో, ఏ సముద్రపు ఒడ్డునో ఉండి ఈ సరదా మొదలుపెట్టాలనుకునేవారి కోసం ఇవి రాస్తున్నాను.

1. పేరున్నదాని వెంట పడకండి

1982 నాటి కమొడోర్ 64 కావాలని, బీబీసీ మైక్రో కావాలని కలలు కంటూ కూర్చుంటే ఏళ్లు గడిచిపోతాయి. మన ఇళ్ల అటకల మీద ఉన్నది వేరు. 2000 తర్వాత కాశీబుగ్గ కొట్లలో, జాతరల్లో అమ్మిన కీబోర్డు టీవీ గేమ్ గుర్తుందా? చూడడానికి కంప్యూటరు కీబోర్డులా ఉంటుంది, వెనకాల క్యాసెట్ గుచ్చాలి, వైరు టీవీకి తగిలించాలి. దాన్ని ఆటబొమ్మ అని పక్కన పెట్టేస్తారు. నేను మాత్రం దానితోనే మొదలుపెట్టమంటాను. అందులో ఉన్నది 6502 వంశపు ప్రాసెసర్. లండన్ బడిపిల్లలు నేర్చుకున్న బీబీసీ మైక్రోలో ఉన్నదీ 6502నే. దానితో వచ్చే క్యాసెట్లలో చాలావాటిలో బేసిక్ భాష కూడా ఉంటుంది. దాని మూలం 1984లో నింటెండో జపాన్‌లో తెచ్చిన ఫ్యామిలీ బేసిక్. అంటే మీ అటక మీద ఉన్నది అచ్చమైన ఇంటి కంప్యూటరే. పేరున్నవి మన దగ్గరా ఉన్నాయి. హైదరాబాద్‌లో 1967లో పుట్టిన ఈసీఐఎల్ సంస్థ టీడీసీ-12 అనే కంప్యూటరు తయారుచేసింది. అది మన గర్వకారణం, కానీ ఇంట్లో పట్టేది కాదు. చేతికందినదాన్ని ముందు ప్రేమించండి.

2. పనిచేసేది కాదు, చచ్చినది కొనండి

హైదరాబాద్ ఎర్రగడ్డ ఆదివారం సంతలో గాని, పలాస పాత సామాన్ల కొట్టులో గాని ఎవరైనా 'ఇది పనిచేస్తుంది సార్' అంటే నేను వెనక్కి తగ్గుతాను. ఆ మాటకు ధర రెట్టింపవుతుంది, అది ఎన్నాళ్లు పనిచేస్తుందో ఎవరూ చెప్పరు. చచ్చినదానికి ఆ బాధ లేదు. కాటా లెక్కన వస్తుంది, దాని జబ్బు కనిపెట్టే భాగ్యం మీకు దక్కుతుంది. పైగా ఆ రోజుల యంత్రాల జబ్బులు చాలావరకు తెలిసినవే. జెడ్ఎక్స్ స్పెక్ట్రమ్ అనే పాత ఇంటి కంప్యూటరులో మీటలు పలకడం లేదంటే కీబోర్డు అడుగునున్న పలుచని పొర ఎండి విరిగిందని అర్థం. ఆ పొర ఇప్పటికీ కొత్తది దొరుకుతుంది. ఈ స్పెక్ట్రమ్‌నే మన దేశంలో 1980ల రెండో సగంలో డెసిబెల్స్ ఎలక్ట్రానిక్స్ 'డీబీ స్పెక్ట్రమ్ ప్లస్' పేరుతో అమ్మింది. అది కనిపిస్తే చచ్చినదైనా సరే వదలకండి.

3. తెచ్చిన రోజున వెలిగించకండి

అందరూ చేసే పని ఇదే, నేనూ చేశాను. ఒక పట్నంలో కొన్న స్పెక్ట్రమ్‌ను ఇంటికి తేగానే, దొరికిన 9 వోల్టుల అడాప్టరు పెట్టాను. ఆ యంత్రానికి పిన్ను మధ్యలో మైనస్ ఉండాలి, ఇప్పటి అడాప్టర్లలో ఎక్కువవాటికి మధ్యలో ప్లస్ ఉంటుంది. క్షణంలో లోపలి వోల్టేజీ సర్క్యూటు పోయింది. దాని పాత మెమరీ చిప్పులకు 5, 12 వోల్టులతో పాటు మైనస్ 5 వోల్టులు కూడా అందాలి. ఆ మైనస్ 5 ఆగితే చిప్పులు మాడిపోతాయి. అలాగే మాడిపోయాయి. నలభై ఏళ్లు బతికిన యంత్రం నా తొందరకు బలైంది.

అందుకని ముందు మూత విప్పండి. పలాసలో జీడిపిక్క కొట్టే ఆడవాళ్లను గమనించండి. పిక్క పగలాలి గాని లోపలి పప్పు గుండుగా రావాలి. బద్ద అయితే ధర తగ్గుతుంది. మూత విప్పడానికి ఆ చేతి ఒడుపు కావాలి. ప్లగ్గు పెట్టేముందు మూడు సంగతులు చూడండి. బీబీసీ మైక్రో పవర్ సప్లైలో కాగితపు కెపాసిటర్లు ఉంటాయి. వాటి పైపొర ఏళ్ల మీద చిట్లి, గాలిలో తేమ పీలుస్తుంది. 230 వోల్టులు తగలగానే పేలి గదంతా కంపు పొగ నింపుతాయి. మన తేమగాలిలో ఆ ముప్పు ఇంకా ఎక్కువ. వాటిని మార్చాకే ప్లగ్గు పెట్టండి. 386, 486 బోర్డుల మీద గుండ్రటి నికెల్ కాడ్మియం బ్యాటరీ ఉంటే వెంటనే కత్తిరించి తీసేయండి. అది కారి రాగి దారులను తినేస్తుంది. కారినచోట కొద్దిగా వెనిగర్ అద్ది, తర్వాత శుభ్రంగా కడగాలి. మూడోది అడాప్టరు. మల్టీమీటరుతో ప్లస్, మైనస్ చూసుకోండి. కమొడోర్ 64తో వచ్చిన పాత అడాప్టరును అసలు నమ్మకండి. అది చెడితే వోల్టేజీ పెంచేసి చిప్పులను చంపుతుంది. ఈ మూడూ అయ్యేసరికి వారం పట్టినా ఫరవాలేదు.

4. పసుపు రంగు వదలగొట్టకండి

తెల్లటి డొప్ప పసుపు పచ్చగా మారితే చాలామంది హైడ్రోజన్ పెరాక్సైడు పూసి ఎండలో పెడతారు. ఏబీఎస్ ప్లాస్టిక్‌లో మంటలు అంటకుండా కలిపే బ్రోమిన్ రసాయనాలు వెలుతురుకీ వేడికీ మారడం ఆ రంగుకు ఒక కారణమంటారు. మన ఎండలో ఆ మందు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ పనిచేసి మచ్చలు మిగులుస్తుంది. ప్లాస్టిక్ పెళుసవుతుంది. చాలాసార్లు కొన్నాళ్లకు పసుపు మళ్లీ తిరిగొస్తుంది. ఆ రంగు ఒక ఇంట్లో కిటికీ పక్కన అది గడిపిన కాలం. మెత్తటి గుడ్డతో దుమ్ము తుడవండి, చాలు. మా నాయనమ్మ వాడిన వెదురు చేట నల్లబడిందని ఎవరం రంగు వేయలేదు.

5. కవరు తీసేయండి, రోజూ కాకపోయినా వారానికోసారి వాడండి

భద్రమని ప్లాస్టిక్ కవరులో చుట్టి బీరువాలో పెడితే లోపల తేమ ఇరుక్కుని ఉడుకుతుంది. మా తీరంలో ఇంతకన్నా పెద్ద హాని లేదు. క్యాసెట్ల మీద తెల్లటి బూజు పడుతుంది, ఫ్లాపీల మీద కూడా. గాలి ఆడే చెక్క అల్మరాలో, నేలకు ఎత్తుగా పెట్టండి. పల్చటి నూలు గుడ్డ కప్పండి. పక్కన సిలికా జెల్ పొట్లాలు ఉంచి, నెలకోసారి పెనం మీద వేడిచేసి మళ్లీ పెట్టండి. జీడిపిక్కలు ఆరబెట్టే గదిలో మాత్రం పెట్టకండి. జీడి తొక్క నూనె చేతులనే తినేస్తుంది.

ఆపైన వారానికోసారి గంటసేపు వెలిగించండి. స్పెక్ట్రమ్ లోపల వోల్టేజీ తగ్గించే చిన్న ముక్క చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది. ఆ వేడే లోపలి చెమ్మను ఆరబెడుతుంది. తోడని బావి నీళ్లు పాచి పట్టినట్టు, వాడని యంత్రం తుప్పు పడుతుంది.

6. ఉప్పునీరు పడితే నీళ్లతోనే కడగండి

ఇది విని అందరూ ఉలిక్కిపడతారు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. రోజుల తరబడి కరెంటు లేదు. కప్పు ఎగిరిన ఇళ్లలో టీవీలు, కంప్యూటర్లు ఉప్పుజల్లుకు తడిసిపోయాయి. చాలామంది వాటిని ఎండలో ఆరబెట్టి, ఆరిందనుకుని ఊరుకున్నారు. ఆరింది నీరే గాని ఉప్పు అలాగే ఉండిపోయింది. అది గాలిలో తేమను మళ్లీ లాక్కుని రాగిని తింటూనే ఉంటుంది.

నువ్వలరేవు జాలరి అన్నలను అడగండి. సముద్రం నుంచి రాగానే పడవ మోటారుకు మంచినీళ్లు పట్టిస్తారు. బోర్డుకూ అంతే. కరెంటు, బ్యాటరీ తీసేయండి. కీబోర్డు పొర, స్పీకరు, ట్రాన్స్‌ఫార్మరు వేరుచేయండి. బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ తెచ్చి, మెత్తటి బ్రష్షుతో బోర్డును రెండు మూడు సార్లు కడగండి. చివర ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, నీడలో గాలి తగిలేచోట వారం ఆరనివ్వండి. తుపాను హెచ్చరిక రాగానే వైర్లు పీకి, యంత్రాన్ని మూత బిగిసే డబ్బాలో పెట్టి పై అరకు ఎక్కించండి. కవరు వద్దన్న నేనే ఆ రెండు రోజులకు డబ్బా కావాలంటాను.

7. కొత్త టీవీకి తగిలించకండి

గోడకు వేలాడే పల్చటి టీవీ ఎంత ఖరీదైనదైనా ఈ పనికి అది వద్దు. ఆ రోజుల ఆటలకు ఇచ్చే తుపాకీ పాత డబ్బా టీవీ తెర మీద గీత వెంట గీత వెలిగే తీరును చూసి గురిని గుర్తిస్తుంది. ఎల్‌సీడీ తెర అలా వెలగదు, తుపాకీ పలకదు. పాత కంప్యూటరు గీసే బొమ్మ కూడా కొత్త టీవీలో ఆలస్యంగా, మసకగా వస్తుంది. అందుకే పక్కింటివాళ్లు పాత డబ్బా టీవీ పారేస్తుంటే అడిగి తెచ్చుకోండి. దాని మూత మాత్రం మీరు విప్పవద్దు. ఆపినా లోపల ప్రాణం తీసేంత వోల్టేజీ నిలిచి ఉంటుంది. అది తెలిసిన టీవీ మెకానిక్ పని.

8. ఆటలు ఎక్కించుకోకండి, టైపు చేయండి

ఇప్పుడు ఒక చిన్న కార్డులో వేల ఆటలు వస్తున్నాయి. వాటిని పెట్టుకున్నవారు రెండు రోజులు ఆడి, మూడో రోజు యంత్రాన్ని అటకెక్కిస్తారు. మీరు బేసిక్ భాషలో పది లైన్లు టైపు చేయండి. తప్పులు రానివ్వండి, దిద్దండి. పాత టేపు క్యాసెట్లు దొరికితే ముందు టేప్‌రికార్డరు రబ్బరు బెల్టు మార్చండి, ఆ తర్వాత వాటి ధ్వనిని ఫోనులోకి రికార్డు చేసుకోండి. స్పెక్ట్రమ్‌కు ఆ ఫోను నుంచే ఎక్కించవచ్చు. క్యాసెట్టు అరగదు.

స్పెక్ట్రమ్‌లో మనమే గీసుకునే అక్షరాలకు 21 చోట్లు ఉంటాయి. ఒక్కోటి ఎనిమిది నిలువు, ఎనిమిది అడ్డం గడులు. మా పక్కింటి పాపకు సున్న గీయడం నేర్పాను: 60, 66, 66, 66, 66, 66, 60, 0. ఎనిమిది అంకెలు వేయగానే తెర మీద తెలుగు సున్న వచ్చింది. 'తాతా, మన ఊరి పేరు వస్తాదేటి?' అంది. లెక్క వేశాం. వ-కు ఒక చోటు. జ్ర-కు వత్తుతో రెండు. పు-కు కొమ్ముతో రెండు. కొ-కు ఒకటి. త్తూ-కు మూడు. రు-కు రెండు. మొత్తం పదకొండు, 21లో సరిపోయాయి. రెండు సాయంత్రాలు పట్టింది. తెలుగు అక్షరం ఎన్ని ముక్కల కూడికో, యంత్రానికి దాన్ని చెప్పడం ఎంత పనో ఆ పాపకు అప్పుడే తెలిసింది. వేల ఆటల్లో ఏదీ ఇది నేర్పదు.

9. దాచుకోకండి

పాత వస్తువు ఒకరి బీరువాలో ఉంటే ఆ ఒకరితోనే పోతుంది. పిల్లల చేతికి ఇవ్వండి. మీట విరిగితే మార్చుకుందాం, పేజీలు చిరగని పుస్తకం ఎవరూ చదవని పుస్తకమే కదా.

1984-85లో కేంద్ర ప్రభుత్వం 'క్లాస్' అనే పథకం కింద దేశమంతటా 250 ఉన్నత పాఠశాలలకు బీబీసీ మైక్రోలు ఇచ్చింది. తర్వాత అదే యంత్రాన్ని సెమీకండక్టర్ కాంప్లెక్స్ సంస్థ 'యూనికార్న్' పేరుతో ఇక్కడే తయారుచేసింది. 32 కిలోబైట్ల మెమరీ, 2 మెగాహెర్ట్జ్ వేగం. ఈ దేశంలో ఎంతోమంది పిల్లలు మొట్టమొదట ముట్టుకున్న కంప్యూటరు అదే. అవి ఇప్పుడు ఎక్కడున్నాయి? ఏ బడి స్టోరు గదిలోనో, విరిగిన బెంచీల కింద దుమ్ములో.

ఉపాధ్యాయులారా, ప్రధానోపాధ్యాయులారా, మీ స్టోరు గది ఈసారి ఖాళీ చేసేటప్పుడు కీబోర్డు ఉన్న పాత పెట్టె కనబడితే కాటాకు వేయకండి. ప్లగ్గు పెట్టకండి. ముందు మూత విప్పండి, పక్కన ఇద్దరు పిల్లలను నిలబెట్టుకోండి.