బాల్ ఎక్కడ దాటింది?

రూలు చదివి బతికే వృత్తి నాది. చెన్నై రాయపురంలో ఇల్లు, హార్బరులో కస్టమ్స్ క్లియరింగ్ పని. ఒక సరుకును ఈ హెడింగ్ కింద చూపాలా, పక్క హెడింగ్ కింద చూపాలా అన్నదాన్ని బట్టి డ్యూటీ మారిపోతుంది. పొరపాటైతే పెనాల్టీ పడుతుంది. అందుకని టారిఫ్‌లో చాప్టర్ నోట్సు అక్షరం వదలకుండా చదువుతాను, ఆఫీసు కుర్రాళ్ళచేత చదివిస్తాను. అలాంటివాణ్ణి గోల్ఫ్ మొదలుపెట్టాక ఆ ఆట రూల్సు పుస్తకం ఒక్కసారి కూడా తెరవలేదు. నలుగురూ ఎలా ఆడుతున్నారో చూసి, అదే రూలనుకున్నాను. ఆ మూర్ఖత్వం వల్ల నష్టపోయింది నేనొక్కణ్ణే అయితే ఇది రాసేవాణ్ణి కాదు.

మా పేటలో గోల్ఫ్ సంగతి ఎవరికీ పట్టదు. 1856లోనే రైలు చూసిన పేట ఇది, పక్కనే కాశిమేడు చేపల రేవు. ఇక్కడి పిల్లలకు ఆటంటే క్యారమ్స్, ఫుట్‌బాల్, బాక్సింగ్. గోల్ఫ్ ఆడాలంటే తెల్లవారకముందే లేచి, ఊరు దాటుకుని దక్షిణానికి పోవాలి. హార్బరు పరిచయాల వల్ల నాకా అవకాశం దొరికింది. దొరికినందుకు కాస్త తలకెక్కింది కూడా.

నేను చెప్పబోయే హోల్‌కు ఎడమ పక్కన పొడుగ్గా చెరువుంది. గట్టు వెంబడి ఎర్ర కర్రలు పాతి ఉంటాయి. ఆ రోజు స్ట్రోక్‌ప్లే పోటీ, అంటే మొత్తం ఎన్ని స్ట్రోక్‌లు కొట్టామన్నదే లెక్క. నా మొదటి షాట్ వంద గజాలు కూడా పోకముందే ఎడమకు తిరిగి, గట్టు దాటి, నీళ్ళ మీదుగా చాలాదూరం ఎగిరి, గ్రీన్‌కు కొంచెం ఇవతల చెరువులో పడింది. నీళ్ళు పైకి చిమ్మడం అందరం చూశాం. నేను సూటిగా ఆ చిమ్మిన చోటికి ఎదురుగా నడిచాను.

నా బ్యాగు మోస్తున్న కేడీ నాకంటే పెద్దవాడు. ఇంట్లో తెలుగే మాట్లాడతానని చెప్పేవాడు, మాట మధ్యలో తమిళం దొర్లుతుంది. ఆయన వెనకే ఆగిపోయి, "సార్, బాల్ పడింది అక్కడే గానీ, దాటింది ఇక్కడ సార్. డ్రాప్ ఇక్కడే" అన్నాడు. నలుగురిలో నాకు నేర్పుతున్నాడన్న ఉక్రోషంతో, "బ్యాగు మోయడం నీ పని, అది చూసుకో" అన్నాను. ఆయన మళ్ళీ మాట్లాడలేదు. వచ్చి బ్యాగులోంచి పొడుగు క్లబ్బు, డ్రైవర్, తీసి చేతికిచ్చాడు. నేను దాన్ని నేలమీద పరిచి, రెండు నిడివులు జాగ్రత్తగా కొలిచి, టీ గుచ్చి గుర్తు పెట్టి, మోకాలి ఎత్తు నుంచి బాల్ వదిలాను. తప్పు చోట నిలబడి అంత శ్రద్ధగా కొలిచాను.

2019 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన రూల్స్‌లో అంతకుముందు వాటర్ హజార్డ్ అన్నదాన్ని పెనాల్టీ ఏరియా అంటున్నారు. అది 17వ రూలు. బాల్ అందులో పడితే ఒక స్ట్రోక్ పెనాల్టీ వేసుకుని, ముందు షాట్ ఎక్కడినుంచి కొట్టామో అక్కడికే తిరిగి వెళ్ళి ఆడొచ్చు. లేదా బాల్ ఆఖరిసారి ఏరియా అంచు దాటిన చోటునూ జెండానూ కలిపి గీత ఊహించుకుని, ఆ గీత మీద వెనక్కి ఎంతదూరమైనా పోయి డ్రాప్ చెయ్యొచ్చు. పసుపు కర్రలుంటే ఈ రెండే దారులు. ఎర్ర కర్రలుంటే మూడోది కూడా ఉంది: అంచు దాటిన ఆ చోటు నుంచి రెండు క్లబ్బుల నిడివిలోపు, జెండాకు అంతకంటే దగ్గర కాకుండా. నిడివి అంటే బ్యాగులో పట్టర్ కాకుండా అన్నిటికంటే పొడవైన క్లబ్బుది. వెనక గీతకైనా పక్క డ్రాప్‌కైనా లెక్క మొదలయ్యేది అంచు దాటిన చోటు నుంచే. నీళ్ళు ఎక్కడ చిమ్మాయన్నది ఎక్కడా లెక్కలోకి రాదు.

అంటే నేను వంద గజాల పైచిలుకు ముందుకు జరిగి ఆడాను. తప్పు చోటునుంచి ఆడితే స్ట్రోక్‌ప్లేలో రెండు స్ట్రోక్‌ల పెనాల్టీ. దానివల్ల పెద్ద లాభం పొందితే అది తీవ్రమైన ఉల్లంఘన. తర్వాతి హోల్ మొదలుపెట్టకముందే సరిదిద్దుకోకపోతే పోటీనుంచి తీసేస్తారు. నేను సరిదిద్దుకోలేదు, కార్డు మీద సంతకం పెట్టాను, మూడో బహుమతి కింద ఒక వెండి గిన్నె పట్టుకుని ఇంటికొచ్చాను.

తప్పు తెలిసింది గోల్ఫర్ సాహిత్ తీగల వల్ల. హైదరాబాదు నుంచి అమెరికా వెళ్ళిన తల్లిదండ్రుల బిడ్డ, కాలిఫోర్నియాలో పెరిగాడు. 2022లో ఫీనిక్స్ ఓపెన్ ఆఖరి రోజున పదిహేడో హోల్ దగ్గర ఆధిక్యంలో సమానంగా ఉండగా, అతని టీ షాట్ ఎడమకు ఎగిరి నీళ్ళలోకి జారింది. పెనాల్టీ పడింది, బోగీ అయింది, ఒక్క స్ట్రోక్ తేడాతో ప్లేఆఫ్ పోయింది. అప్పటినుంచి అతని ఆట వదలకుండా చూస్తున్నాను. 2024 ఆగస్టులో ఈస్ట్ లేక్‌లో జరిగిన టూర్ ఛాంపియన్‌షిప్ మూడో రౌండులో, బంకర్‌లో క్లబ్బు వెనక్కి తీస్తుండగా ఇసుక తగిలినట్టు అతనికి అనిపించింది. ఎవరూ అడక్కముందే తనే చెప్పి, రెండు స్ట్రోక్‌ల పెనాల్టీ వేయించుకున్నాడు. చివరికి మూడో స్థానం, 75 లక్షల డాలర్లు. రెండో స్థానానికి కోటీ 25 లక్షలు. ఆ రెండు స్ట్రోక్‌లు లేకపోతే రెండో స్థానం పంచుకునేవాడు.

ఇసుక తగిలితే పెనాల్టీ అన్నది ఏ రూలో చూద్దామని ఆ రాత్రి మొదటిసారి రూల్సు తెరిచాను. అది 12వ రూలు. మరి చెరువు ఏరియాలో నేల తగిలితే ఏమిటని పేజీలు తిప్పి 17కు వచ్చాను. అక్కడ అది తప్పే కాదు, క్లబ్బు నేలకు ఆనించొచ్చు, బాల్ ఉన్నచోటినుంచే పెనాల్టీ లేకుండా ఆడుకోవచ్చు. మే నెలలో మన చెరువులు ఎండిపోయినప్పుడు పగుళ్ళిచ్చిన మట్టి మీద శుభ్రంగా కూర్చున్న బాల్‌ను చూస్తూ, కర్రల లోపలుంది కదా అని అనవసరంగా స్ట్రోక్ వేసుకుని బయటికి తీసిన సందర్భాలు నాకు చాలా ఉన్నాయి. అది నా నష్టం, పోనీ. దాని పక్కనే అంచు దాటిన చోటు గురించి చదివినప్పుడు కేడీ గొంతు చెవిలో వినపడింది.

టైగర్ వుడ్స్‌కే 2013 మాస్టర్స్‌లో ఇలాంటిది జరిగిందని కొందరు మిత్రులు ఓదార్చారు. పదిహేనో హోల్‌లో షాట్ జెండా కర్రకు తగిలి నీళ్ళలో పడితే, వెనక్కి వెళ్ళి ముందాడిన చోటికి రెండు గజాలు అవతల డ్రాప్ చేశాడు, రెండు స్ట్రోక్‌ల పెనాల్టీ పడింది. ఆ పోలిక నేను ఒప్పుకోను. ఆయనకు పక్కనుంచి ఎవరూ సరైన చోటు చూపించలేదు.

గిన్నె తీసుకెళ్ళి కమిటీకి తిరిగిచ్చి జరిగింది చెప్పాను. పోటీ ముగిసిపోయింది, తెలియక చేసినదానికి ఇప్పుడు ఫలితం మార్చరు అన్నారు. వాళ్ళ వరకు అది న్యాయమే. కానీ తెలియక అన్న మాట నాకు చెల్లదు. తెలిసినవాడు చెప్పాడు, నేను నోరు మూయించాను. నాలుగో స్థానంలో వచ్చినాయనకు గిన్నె ఇవ్వమని బతిమాలితే తీసుకున్నారు. కేడీని వెతికి పట్టుకుని, ఆ రోజు మాటకు అందరిముందూ క్షమాపణ అడిగాను. ఆయన అదే హోల్ దగ్గరికి నన్ను తీసుకెళ్ళి, గట్టు మీద ఆ రోజు బాల్ దాటిన చోటు వేలితో చూపించాడు. రెండు కర్రల మధ్య చోటు, ఇంకా గుర్తుంది ఆయనకు.

మీలో ఎవరైనా గోల్ఫ్ ఆడేవాళ్ళుంటే ఒక్క మనవి. ఎడమనో కుడినో నీళ్ళున్న హోల్‌కు వచ్చినప్పుడు, టీ దగ్గరే మీ కేడీతో చెప్పండి: బాల్ అటు పోతే అంచు దాటిన చోటు నువ్వు చూసిపెట్టన్నా, నేను నీ మాట వింటాను.