వెనుక పలకకు టీకా తాత్పర్యం

మూలం:
మూసినది గుద్దును, తెరచినది విచ్చును;
గోడ నెరుగక పలక నంటరాదు.

టీక: మూసినది = వెనుక పలక బిగించిన గిటారు స్పీకరు పెట్టె; తెరచినది = ఆ పలక సగమో పూర్తిగానో లేనిది; గుద్దును = అడుగుస్వరాన్ని బిగువుగా ఎదుటికి కొట్టును; విచ్చును = ముందుకూ వెనక్కూ పరచుకొనును; గోడన్ ఎరుగక = పెట్టె వెనుక గోడ ఉన్నదో లేదో, ఉంటే ఎంత దూరమో చూడక; పలకన్ అంటరాదు = స్క్రూడ్రైవరు చేతబట్టరాదు.

తాత్పర్యం: స్పీకరు కాగితం ముందు గాలిని నెట్టిన క్షణంలోనే వెనుక గాలిని లాగుతుంది. అంటే ఒకే స్వరం ముందు నిటారుగా, వెనుక తలకిందులుగా పుడుతుంది. గిటారు లావు తీగ 82 హెర్ట్జ్. దాని అల నాలుగు మీటర్లకు పైమాటే. రెండున్నర అడుగుల పెట్టె దానికి అడ్డే కాదు. వెనుక అల చుట్టూ తిరిగి వచ్చి ముందు అలతో తలపడుతుంది, రెండూ ఒకదాన్నొకటి మింగేస్తాయి. ఫెండర్ ట్విన్ రివర్బ్, వాక్స్ ఏసీ30 వంటి తెరచిన పెట్టెల్లో అడుగు పలచబడి, గది నిండా గాలాడినట్టు వినబడేది ఇందుకే. పన్నెండంగుళాల స్పీకర్లు నాలుగున్న మార్షల్ 1960 పెట్టెలో వెనుక అల లోపలే బందీ. ఆ గాలి స్ప్రింగులా పనిచేసి కాగితాన్ని అదుపులో పెడుతుంది, దెబ్బ బిగువుగా తగులుతుంది.

విశేషం: పెట్టె గుణం పెట్టెలోనే ఉంటుంది కనుక రెండో పాదం ప్రక్షిప్తమని కొందరి మతం. కర్నూలు, కడప సీమలో ఆ మతం నిలవదు. బేతంచెర్ల, యర్రగుంట్ల నాపరాయి కట్టిన గది తనకు తగిలిన శబ్దాన్ని దాదాపు అంతా తిప్పికొడుతుంది. అలాంటి గోడకు మీటరు దూరంలో తెరచిన పెట్టె పెడితే వెనుక అల పోయిరావడానికి రెండు మీటర్లు, అంటే 82 హెర్ట్జ్ అలలో సుమారు సగం. తలకిందులుగా పోయినది సగం అల ఆలస్యమై నిటారుగా తిరిగొస్తుంది. పోయిందనుకున్న లావు కొంత దక్కుతుంది. అదే దూరంలో 170 హెర్ట్జ్ దగ్గర మాత్రం పూర్తి అల ఆలస్యమై, తలకిందులుగానే వచ్చి కోత పెడుతుంది. పెట్టెను జానెడు జరిపితే ఈ లెక్కంతా మారుతుంది. గండికోట ఉత్సవాల్లాంటి చోట, వెనుక పరదా తప్ప గోడ లేని ఆరుబయలు వేదిక మీద, పోయిన అల పోయినట్టే. అక్కడ మూసిన పెట్టెదే పైచేయి. కాబట్టి రెండో పాదం ప్రక్షిప్తం కాదు సరికదా, మొదటి పాదానికి అర్థం చెప్పేదే అది.

శంక: రెండు స్పీకర్ల ఫెండరును నాలుగు స్పీకర్ల మార్షల్‌తో పోల్చి ఘనతంతా పలకకు కట్టబెట్టడం న్యాయమా? కాదు. అందుకే అసలు పరీక్ష ఒకే పెట్టెకు, అదే స్పీకరుతో, పలక మరలు విప్పి వినడం. ఆ పరీక్షలోనూ మొదటి పాదం నెగ్గుతుంది. మరో శంక: స్పీకరు ముందే మైకు పెడతారు కదా, వెనుక ఏముంటే ఏం? మైకు వినేది ఎక్కువగా ముందు అలనే, నిజమే. కానీ లోపలి గాలి కాగితం కదలికనే మారుస్తుంది. వాయించేవాడు కూడా వేదిక మీద తనకు వినబడేదాన్ని బట్టే మీటుతాడు. ఇంకో శంక: డప్పు వెనుక తెరిచే ఉంటుంది, అయినా ఊరంతా మోగదా? మోగుతుంది. మంట దగ్గర కాచిన కొద్దీ చర్మం బిగిసి స్వరం పైకెక్కుతుంది. ఊరు దాటేది ఆ చురుకైన మోతే గానీ 82 హెర్ట్జ్ లావు కాదు. తెరచిన పెట్టె పోగొట్టుకునేది ఆ లావునే.

ఫలశ్రుతి: ఈ రెండు పాదాలూ పఠించినవాడు బండల గదిలో తెరచిన పెట్టెను గోడకు ఆనించడు, మైదానంలో పలక విప్పడు. కొత్త స్పీకరు కొనబోయే ముందు ఉన్న పెట్టెనే ముందుకీ వెనక్కీ జరిపి వింటాడు. వానికి నాదము సిద్ధించును. సిద్ధించకున్నను డబ్బు మిగులును.