బద్ధకం 51.52 శాతం

2024 మే 13న జరిగిన లోక్‌సభ ఎన్నికల్లో హైదరాబాద్ నియోజకవర్గంలో 48.48 శాతం పోలింగ్ నమోదైంది. మిగిలిన 51.52 శాతం బద్ధకమేనని టీవీల్లో తీర్పు వచ్చేసింది. అందుకు పెద్ద విచారణేమీ అక్కర్లేదు, వందలోంచి తీసివేత వస్తే చాలు. పక్కనున్న సికింద్రాబాద్ 49.04, మల్కాజిగిరి 50.78 తెచ్చుకుని అత్తెసరు మార్కుల్తో తిట్లు పంచుకున్నాయి. చదువుకున్నవాళ్లకే బాధ్యత లేదని చర్చల్లో కూర్చున్న చదువుకున్నవాళ్లు బాధపడ్డారు.

అదే రోజు, అదే ఎండలో, ఆంధ్రప్రదేశ్‌లో 81.86 శాతం. అక్కడి ఓటరు చైతన్యవంతుడని ఇంకో తీర్పు.

ఇబ్బంది ఎక్కడంటే, ఈ రెండు లెక్కల్లోనూ కొంతమంది మనుషులు ఒక్కరే. కూకట్‌పల్లి జాబితాలో బద్ధకస్తుడు, భీమవరం జాబితాలో చైతన్యవంతుడు. మే 11 రెండో శనివారం, మర్నాడు ఆదివారం, ఆపైన పోలింగ్ సెలవు. విజయవాడ హైవే మీద పంతంగి టోల్‌ప్లాజా దగ్గర కార్లు బారులు తీరాయి. ఆ గేటు దాటగానే మనిషికి పౌరస్పృహ వచ్చేస్తుంది కాబోలు. తిరుగు ప్రయాణంలో అదే గేటు దగ్గర దిగిపోతుంది.

నగర ఓటరును నిద్ర లేపడానికి ఎన్నికల సంఘం చేయని పనిలేదు. స్వీప్ అనే పేరుతో 2009 నుంచీ పెద్ద కార్యక్రమమే నడుస్తోంది. 2011 నుంచి జనవరి 25ను జాతీయ ఓటర్ల దినోత్సవంగా జరుపుతున్నారు. ఆ రోజు ర్యాలీలో ముందు వరస బడిపిల్లలది. ఎనిమిదో తరగతి పిల్లలు చెయ్యి ముందుకు చాచి, ఎలాంటి ప్రలోభాలకూ లోనుకాకుండా ఓటేస్తామని ప్రతిజ్ఞ చేస్తారు. నోటుకు లొంగబోమని ఈ దేశంలో ఏటా తప్పకుండా ప్రమాణం చేసేది ఓటు లేనివాళ్లే. ప్రతిజ్ఞ అయ్యాక బిస్కెట్ ప్యాకెట్ ఇస్తారు. దాన్ని ప్రలోభం కింద రాయకూడదు.

ఇంకా ఉదయం ఆరింటికి టూకే రన్. నిద్ర లేవనివాళ్ల కోసం పెట్టిన ఆ పరుగుకు వచ్చేది రోజూ ఐదింటికి లేచేవాళ్లు. పొదుపు సంఘాల మహిళలతో ఓటు ముగ్గులు. వాళ్లు ముగ్గు వేసినా వేయకపోయినా పొద్దున్నే వచ్చి వరసలో నిలబడతారు. ఇక జూబ్లీహిల్స్‌లో హీరోలు ఓటేయడం సరేసరి. ఫలానా హీరో లైన్లో నిలబడ్డాడా, నేరుగా లోపలికి వెళ్లాడా అని పొద్దుట్నుంచీ టీవీకి కళ్లప్పగించిన అభిమానికి, తన పోలింగ్ కేంద్రం ఆరింటికే మూసేస్తారన్న సంగతి ఏడింటికి గుర్తొస్తుంది.

2023 శాసనసభ ఎన్నికల్లో ఒక బైక్ ట్యాక్సీ కంపెనీ హైదరాబాద్ ఓటర్లను పోలింగ్ కేంద్రాలకు ఉచితంగా దింపుతానంది. మంచిదే. అదే పని అభ్యర్థి చేస్తే 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ కింద అవినీతి చర్య. ఓటరును బూత్‌దాకా ఊరికే బండెక్కించకూడదు. ఇక హైదరాబాద్ నుంచి 400 కిలోమీటర్ల అవతల ఊళ్లో రావిచెట్టుదాకా ఏసీ స్లీపర్ బస్సు పెట్టి, రావిచెట్టు నుంచి బూత్‌కు నడిపిస్తే దాన్నేమనాలో చట్టం రాసినవాళ్లకు తట్టి ఉండదు. 1951లో వాళ్లకు ఎడ్లబండే కళ్లముందుంది.

ఆ బస్సుల సంగతికొస్తాను. ముందు బద్ధకం సంగతి తేలాలి.

2020 డిసెంబరులో జీహెచ్ఎంసీ ఎన్నికలు. సగం మంది రాలేదు, కోవిడ్ భయమన్నారు. 2023 నవంబరులో శాసనసభ ఎన్నికలు. రాష్ట్రమంతా కలిపితే 70 శాతం దాటినా హైదరాబాద్ జిల్లా సగం దగ్గరే ఆగింది. అప్పుడు కోవిడ్ లేదు, ఆంధ్రాలో పోలింగూ లేదు. గురువారం సెలవిస్తే శుక్రవారం కలుపుకుని టూర్లకెళ్లారన్నారు. 2024 మేలో ఎండలన్నారు, ఊళ్లకెళ్లారన్నారు. 2025 నవంబరు 11న జూబ్లీహిల్స్ ఉప ఎన్నిక వచ్చింది. మంగళవారం, చల్లటి వాతావరణం. ముఖ్యమంత్రి దగ్గర్నుంచి గల్లీ లీడరుదాకా ఆ ఒక్క నియోజకవర్గంలోనే మకాం వేశారు. ఒక్కో గడపను మూడు పార్టీలు రోజుకు రెండుసార్లు తట్టాయి. పోలింగ్ ఎంతనుకున్నారు? 48.49 శాతం.

నియోజకవర్గాలు వేరు, ఎన్నికలు వేరు, ఒప్పుకుంటాను. అయినా చలికీ ఎండకూ, మహమ్మారికీ మామూలు రోజుకూ, మేయరుకూ ఎంపీకీ ఒకేలా సగం దగ్గర ఆగిపోయే బద్ధకాన్ని ఎక్కడైనా చూశామా? అంత క్రమశిక్షణ ఉన్నవాడు బద్ధకస్తుడెలా అవుతాడు? నిజంగా దుప్పటి తన్ని పడుకునేవాళ్లు నగరంలో లేకపోలేదు. ఓటేసి ఏం లాభమని మధ్యాహ్నం బిర్యానీ తెప్పించుకుని, రాత్రి కొత్త ప్రభుత్వం ఎలా ఉండాలో చెప్పేవాళ్లు ప్రతి అపార్ట్‌మెంటులో ఇద్దరు ముగ్గురుంటారు. కానీ మిగతావాళ్లు? వాళ్లు పడుకోలేదు. అసలక్కడ లేరు. కొందరు పక్క కాలనీకి మారారు, కొందరు టెక్సాస్ వెళ్లారు, కొందరు పైకే వెళ్లారు. పేరు మాత్రం పాత ఇంటి నంబరు కింద పదిలంగా ఉంది. శాతం కట్టేటప్పుడు వీళ్లంతా కింద అంకెలో ఉంటారు, పై అంకెలో ఉండరు. వైకుంఠంలో ఉన్నవాడిని కూడా మనం బాధ్యత లేదని తిడుతున్నాం.

మరి పేర్లెందుకు తీసేయరంటే, తీసేయాల్సినావిడ గేటు దగ్గర నిలబడి ఉంది కాబట్టి.

ఆవిడ బూత్ లెవెల్ ఆఫీసరు. పేరులో ఆఫీసరుంది గానీ చాలాచోట్ల అసలు ఉద్యోగం అంగన్‌వాడీ టీచరు. ఈ అదనపు చాకిరీకి 2024లో ఇచ్చిన గౌరవ వేతనం ఏడాదికి 6,000 రూపాయలు. నెలకు కాదు, ఏడాదికే. 2025లో దాన్ని రెట్టింపు చేశారు. చేతిలో జాబితా, భుజాన సంచి, ఎదురుగా ఇరవై అంతస్తుల టవర్లు.

‘‘ఏ ఫ్లాటు మేడమ్?’’ అన్నాడు సెక్యూరిటీ.

‘‘అన్ని ఫ్లాట్లూ బాబూ. ఓటర్ల లిస్టు చూడాలి.’’

‘‘అన్ని ఫ్లాట్లంటే యాప్ తీసుకోదు మేడమ్. ఒక నంబరు చెప్పండి, అప్రూవల్ పెడతా.’’

ఈలోగా ఆవిడ పక్కనుంచే ఐస్‌క్రీమ్ డెలివరీ కుర్రాడు లోపలికి దూసుకుపోయాడు. ఐస్‌క్రీమ్ కరిగిపోతుంది. ప్రజాస్వామ్యం కరగదు, కాసేపు ఎండలో ఉండొచ్చు. ఆవిడ జాబితాలో మొదటి నంబరు చెప్పింది. సెక్యూరిటీ ఫోన్ కలిపిచ్చాడు.

‘‘నమస్తే సార్, బీఎల్వోని.’’

‘‘లోనా? మాకు లోన్లు వద్దండీ.’’

‘‘లోను కాదు సార్, బీఎల్వో. మీ ఇంట్లో ఓట్లు ఎన్నున్నాయో...’’

‘‘ఎవరికేస్తామో మీకెందుకు చెప్పాలండీ?’’ ఫోన్ పెట్టేశాడు.

ఆవిడ జాబితాలో ‘డోర్ లాక్డ్’ అని రాసుకుంది. ఆ తర్వాతెప్పుడో పోలింగ్ రోజు ఈ సారే బూత్‌కు వెళ్లి, పేరు లేదని తెలిసి, అధికారుల నిర్లక్ష్యం మీద సెల్ఫీ వీడియో పెడతాడు. పేరుంటే వీడియో ఉండదు. ఓటు కూడా ఉండకపోవచ్చు.

అద్దెకుండేవాళ్ల కథ ఇంకో రకం. ఆధార్‌లో సొంతూరు, ఓటరు కార్డులో నాలుగిళ్ల కిందటి అద్దిల్లు, మనిషి ఐదో ఇంట్లో. ఓటు మార్చుకుందామని కరెంటు బిల్లు అడిగితే, ఇంటి ఓనరు గుండె గుభేలుమంటుంది. ఓటు రాయించుకున్నవాడు రేపు ఇల్లే రాయించుకుంటాడేమోనని అనుమానం. పదకొండు నెలల అగ్రిమెంటు మీద నమ్మకముంది గానీ ఐదేళ్లకొక్కసారి వేసే ఓటు మీద లేదు.

పోనీ ఆన్‌లైన్‌లో చేద్దామంటే ఫారాల చిక్కు. 2022 ఆగస్టు నుంచి ఫారం 6 కొత్త ఓటర్లకే. ఇల్లు మారినవాళ్లకు ఫారం 8. తీసేయించడానికి ఫారం 7. మనవాళ్లకు ఆరు తప్ప అంకె తెలియదు. యాభై ఏళ్ల పెద్దమనిషి, నాలుగు ప్రభుత్వాలను దించానని మీసం తిప్పినవాడు, ఇల్లు మారగానే ఫారం 6 నింపి ‘నేను మొదటిసారి ఓటరుగా చేరుతున్నాను, నా పేరు ఇంకెక్కడా లేదు’ అని ధ్రువీకరణ ఇచ్చేస్తాడు. తప్పుడు ధ్రువీకరణకు 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 31వ సెక్షన్ కింద ఏడాది వరకూ జైలు శిక్ష ఉంది. దాన్ని నిజంగా అమలుచేస్తే చర్లపల్లి చాలదు, హైటెక్ సిటీ చుట్టూ గోడ కట్టాలి. అలా ఒక మనిషి ఇద్దరు ఓటర్లవుతాడు. పుణ్యానికి ఊళ్లో మూడోది కూడా ఉంటుంది, నాయనమ్మ తీయించనివ్వదు.

ఈ మూడు పేర్లలో ఏది బతికున్నదో ప్రభుత్వానికి తెలియకపోయినా పార్టీ బూత్ కమిటీకి తెలుసు. వాళ్ల దగ్గరున్న జాబితా ముందు ఎన్నికల సంఘం సాఫ్ట్‌వేర్ బలాదూరు. పేరు పక్కన టిక్కు పెడితే మనవాళ్లు, ఇంటూ పెడితే వాళ్లవాళ్లు, సున్నా చుడితే ఊగేవాళ్లు. ఫోన్ నంబరు, కులం, ఎవరు చెబితే వింటాడు అన్నీ అందులో ఉంటాయి. నగర ఓటరుకు సొంతూరి నుంచి వచ్చే ఫోను వినండి.

‘‘ఏం బావా, శనివారం రాత్రి మియాపూర్‌లో బస్సు. మీ ఇంటికి మూడు సీట్లు పెట్టించా.’’

‘‘మూడెందుకురా? నేనూ, మీ అక్కా అంతేగా?’’

‘‘మీ నాన్నగారి పేరు కూడా లిస్టులో ఉంటేనూ...’’

‘‘ఆయన దినానికి నువ్వొచ్చావుగా, వడ్డన కూడా చేశావు!’’

‘‘అవునవును. సర్లే, సీటు రెండే ఉంచుతా. పెద్దాయన ఓటు సంగతి ఇక్కడ మేం చూసుకుంటాంలే.’’

ఈ పిలుపులో ముగ్గు లేదు, ప్రతిజ్ఞ లేదు, టూకే రన్ లేదు. జనం మాత్రం కదులుతారు. 2022 నవంబరులో మునుగోడు ఉప ఎన్నికకు 93 శాతం కదిలారు. ఆ పోలింగ్‌కు ముందు ఒక్కసారిగా పాతిక వేల దాకా కొత్త ఓటు దరఖాస్తులు వచ్చిపడితే పంచాయితీ హైకోర్టుకెక్కింది. అంతకుముందు 2021లో హుజూరాబాద్‌లో కొన్నిచోట్ల డబ్బు కవర్లు తమకు అందలేదని ఓటర్లు రోడ్డెక్కి ధర్నా చేశారు. హక్కుల కోసం పోరాడాలని మనమే కదా చెప్పాం. డబ్బే అన్నిటికీ కారణమనలేను. ఊళ్లో ఓటేస్తే ఎవరు గెలిచారో, రోడ్డు పడుతుందో లేదో, మన పొలం పక్క కాలవకు నీళ్లొస్తాయో లేదో తెలుస్తుంది. నగరంలో మన కార్పొరేటరు పేరు మనకు నాలా పొంగినప్పుడు తప్ప గుర్తురాదు.

పేరు ఎక్కించడం కన్నా పక్కవాడి పేరు పీకించడం తేలికని కూడా మన పార్టీలు కనిపెట్టాయి. 2019 ఎన్నికల ముందు ఆంధ్రప్రదేశ్‌లో ఫారం 7లు లక్షల్లో వచ్చిపడ్డాయి. ఎవరి పేరుతో దరఖాస్తు వెళ్లిందో ఆ మనిషికే తెలియని సందర్భాలు బయటపడి, పోలీసు కేసులయ్యాయి. జాబితా శుద్ధి అనగానే చీపురు ఎవరి చేతిలో ఉందో చూడమనేది అందుకే. 2025లో బిహార్‌లో ప్రత్యేక సవరణ చేసి ముసాయిదాలో 65 లక్షల పేర్లు లేపేశారు. 22 లక్షల మందికి పైగా చనిపోయారన్నారు. అలా ‘చనిపోయిన’వాళ్లలో ఇద్దరిని యోగేంద్ర యాదవ్ సుప్రీంకోర్టులో జడ్జీల ముందు నిలబెట్టారు.

తొలి ఎన్నికల్లోనూ కత్తెర పడింది. 1951–52 ఎన్నికలకు తొలి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ జాబితా తయారు చేయిస్తుంటే, ఉత్తరాదిలో చాలామంది ఆడవాళ్లు సొంత పేరు చెప్పకుండా ఫలానా వాడి భార్యను, ఫలానా వాడి తల్లిని అని రాయించారు. పేరు చెప్పనివాళ్లను ఉంచేది లేదని ఆయన దాదాపు 28 లక్షల మందిని తీసేశారు. బతికున్న మనుషులు, పేరు లేక పోయారు. ఇప్పుడు హైదరాబాద్‌లో పేర్లున్నాయి, మనుషులు లేరు. ఓటరును ఉత్సాహపరచడానికి ఖర్చు పెడుతున్న బ్యానర్ల డబ్బులో కొంత ఆ అంగన్‌వాడీ టీచరుకిచ్చి, ఆవిడకు గేటు తెరిపించి ఉంటే, శాతం దానంతటదే పెరిగేది. ఒక్క కొత్త ఓటరు రాకపోయినా పెరిగేది. కాకపోతే ర్యాలీకి ఫొటో వస్తుంది, జాబితా దిద్దితే రాదు.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, ఎన్నికల నోటిఫికేషన్ వచ్చేదాకా ఆగకండి. ఓటు నమోదుకు ఇప్పుడు ఏడాదికి నాలుగు అర్హత తేదీలున్నాయి: జనవరి 1, ఏప్రిల్ 1, జూలై 1, అక్టోబరు 1. 17 నిండిన పిల్లలుంటే ముందుగానే ఫారం 6 పెట్టించండి. మీరు ఇల్లు మారి ఉంటే ఫారం 8. సందేహముంటే 1950కి ఫోన్ చేయండి. పోయిన పెద్దల పేర్లు బీఎల్వోకు మీరే చెప్పి తీయించండి, లేకపోతే వాళ్ల ఓటు సంగతి చూసుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. ఊళ్లో ఓటు కావాలో, ఇక్కడ కావాలో ఈ ఆదివారమే ఇంట్లో కూర్చుని తేల్చుకోండి. రెండోదానికి ఫారం 7 ఇంకెవరో పెట్టకముందే మీ చేత్తో మీరే పెట్టేయండి.